ఇంటి గేజీ

శౌరయ్య గారు మొదటిసారి నా కొట్టుకి వచ్చినప్పుడు జేబులోంచి ఫోన్ బయటికి తీయడానికే రెండు నిమిషాలు పట్టింది. దాన్ని పాల కవర్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంచారు. అది వానాకాలం కూడా కాదు, ఏప్రిల్ నెల. "అలవాటండీ, కాలవ గట్టు మీద తిరిగేవాణ్ని" అన్నారు.

ఆయన వేల్పుచర్ల లాకుల దగ్గర ముప్పై నాలుగేళ్లు లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. లస్కరంటే కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే మనిషి. లాకు గోడకి అడుగులూ అంగుళాలూ గీసిన పలక ఒకటుంటుంది. నీళ్లు ఆ పలక మీద ఎక్కడిదాకా ఉన్నాయో చూసి రోజూ రెండు పూటలా రిజిస్టర్లో రాయడం కూడా లస్కరు పనే. ఆ అంకెని గేజీ అంటారు. ఇవన్నీ నాకు అప్పటికి తెలియవు. నేను బెజవాడలో పుట్టి పెరిగాను. మా ఇంటికి దగ్గర్లోనే కాలువ పారుతున్నా, అందులో నీళ్లు ఎన్ని అడుగులున్నాయని ఎప్పుడూ ఆలోచించలేదు.

నా కొట్టు బెంజ్ సర్కిల్ వెనక సందులో, మందుల షాపు పైన ఉంటుంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. పెళ్లిపత్రికలు టైపు చేస్తూ, ఖాళీ దొరికినప్పుడు వీడియోలు చూసి వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకున్నాను. చిన్న చిన్న షాపులవాళ్లు, ట్యూషన్ మాస్టార్లు వస్తుంటారు. కాలువ కోసం వెబ్‌సైట్ అడిగిన మనిషి ఆయనొక్కరే.

"వాట్సాప్ గ్రూపు పెట్టుకోకపోయారా? డబ్బు ఖర్చు కూడా ఉండదు" అన్నాను.

"ఉందండీ గ్రూపు. దాంతోనే తంటా. సోమవారం నేను పెట్టిన మెసేజీ గురువారం దాకా తిరుగుతా ఉంటది. ఒకడు వాళ్ల బామ్మర్దికి పంపుతాడు, ఆ బామ్మర్ది ఇంకో గ్రూపులో వేస్తాడు. మూడడుగులుందని చదివి నారు పీకేసుకున్నాక చూస్తే కాలవలో రెండు కూడా ఉండదు. అంకె ఒక్కచోటే ఉండాలండీ. కావలసినోళ్లు అక్కడికొచ్చి చూసుకోవాలి, లాకు గోడ మీద చూసినట్టు."

ఒక్క అంకె కోసం ఇంత పట్టుదల ఎందుకని అడిగాను. ఆయన నా టేబుల్ మీదున్న కాగితం తిప్పి కాలువ గీశారు. పైన లాకులు. కింద పదహారు కిలోమీటర్ల దూరంలో, సముద్రానికి దగ్గరగా కోడూరిపాలెం. అక్కడివి శివారు భూములు. కాలువ నీళ్లు అందరి చేలూ తడిశాక చివరికి వాళ్లకి చేరతాయి. లాకుల దగ్గర గేజీ మూడడుగులు దాటితే మర్నాడు మధ్యాహ్నానికి శివారుకి నీళ్లెక్కుతాయి. రెండున్నరకి దిగితే పైవాళ్ల చేలకే సరిపోతాయి. కోడూరిపాలెంలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి కాబట్టి వాళ్లకి వేరే దారి లేదు. నారుమడిలోంచి నారు తీశాక ఒకటి రెండు రోజుల్లో నాటేయాలి. ఆ రోజు తీయాలా వద్దా అన్నది పొద్దున ఆరింటికి కూలీలు గట్టు మీదికి రాగానే తేల్చుకోవాలి.

రిటైరైనా సరే, ఆయన రోజూ పొద్దున్నే మోపెడ్ మీద లాకుల దగ్గరికి వెళ్లి పలక చూసి వస్తున్నారు. ఆయన భార్య తెరేసమ్మ గారు తర్వాత నాతో చెప్పిన మాట ఇది: "జీతం ఉన్నప్పుడు రెండు పూటలు వెళ్లేవాడయ్యా. ఇప్పుడు మూడు పూటలు వెళ్తన్నాడు."

నేను కట్టింది ఒకే ఒక్క పేజీ. మధ్యలో పెద్ద అక్షరాల్లో గేజీ, దాని పైన తేదీ. ఆయన తన ఫోన్‌లోంచి అంకె పంపితే అది పేజీలోకి వస్తుంది.

"తేదీ నేనే వేస్తానండీ" అన్నారాయన.

"మీకెందుకా శ్రమ, తేదీ దానంతటదే వస్తుంది" అన్నాను. చూసేవాళ్ల ఫోన్‌లో ఏ తేదీ ఉంటే పేజీలో అదే కనిపించేలా చేశాను. అది నేను కొత్తగా నేర్చుకున్న విద్య. ఎక్కడో ఒకచోట వాడాలని చూస్తున్నాను.

ఇక ఆ పేజీని ఎక్కడ ఉంచాలన్నది మిగిలింది. వెబ్‌సైట్ అంటే రోజంతా ఆగకుండా నడిచే ఎవరిదో ఒక కంప్యూటర్లో మనం అద్దెకి తీసుకునే చోటు. ఆ చోటు ఇచ్చే కంపెనీలు వందలున్నాయి. నేను ఎంచుకున్న కంపెనీ ప్రకటనలో మెరుపు వేగం అని ఉంది. అంతా అన్‌లిమిటెడ్ అని ఉంది. సైటుకి పేరు, అంటే ఫోన్‌లో కొట్టే చిరునామా, ఉచితమని కూడా ఉంది. పేజీ పెట్టి చూస్తే నిజంగానే రెప్ప వేసేలోపు తెరుచుకుంది. నాకు అంతకంటే ఏం కావాలి?

శౌరయ్య గారు మాత్రం, "దీన్నే ఎందుకు తీసుకున్నారండీ?" అని అడిగారు.

"వేగం, శౌరయ్య గారూ. చూడండి ఎలా తెరుచుకుంటోందో."

"నీళ్లు తొందరగా వస్తే సంతోషమే. అంకెకి తొందరేవుంది?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది.

జూన్‌లో కాలువకి నీళ్లొదిలారు. పేజీ బాగానే నడిచింది. చూసేవాళ్లు అప్పటికి యాభై అరవై మంది. జూలైలో నారు ఎదిగేసరికి ఆ సంఖ్య నాలుగొందలు దాటింది. అందరూ పొద్దున ఆరూ ఆరుంబావు మధ్యే చూస్తారు. ఆ సంఖ్య చూసి నేను మురిసిపోయాను.

జూలై మూడో వారంలో ఒక సోమవారం గేజీ మూడడుగుల రెండంగుళాలు. మంగళవారానికి పైన నీళ్లు పంచే వంతు మారి, రెండడుగుల ఒక్క అంగుళానికి పడిపోయింది. శౌరయ్య గారు ఎప్పటిలాగే ఆరింటికి చూసి పంపారు. కోడూరిపాలెంలో పద్మావతమ్మ గారు పేజీ తెరిచారు. ఆవిడకి శివారులో రెండున్నర ఎకరాలుంది, సేద్యం తనే చేయిస్తారు. పన్నెండు మంది ఆడవాళ్లు పక్క ఊరినుంచి నాట్లకి వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నారు. పేజీలో మంగళవారం తేదీ ఉంది. దాని కింద మూడూ రెండు అని ఉంది. తీయండమ్మా అన్నారావిడ.

బుధవారం నీళ్లు రాలేదు. గురువారం కూడా రాలేదు. నారు కట్టలు గట్టు మీద పచ్చదనం పోయి వడిలిపోయాయి. ఎకరానికి పైగా సరిపోయే నారు పోయింది.

గురువారం పొద్దున్నే ఆవిడ శౌరయ్య గారికి ఫోన్ చేశారు. తిట్టలేదు. "ఏం శౌరయ్యా, రిటైరయ్యాక నువ్వూ ఇంటి గేజీ మొదలెట్టావా?" అని ఒక్క మాట అడిగి పెట్టేశారు.

ఇంటి గేజీ అన్నది లస్కర్లు ఒకళ్లనొకళ్లు ఎకసెక్కం చేసుకోవడానికి వాడే మాట. లాకుల దాకా నడవకుండా ఇంట్లో మంచం మీద కూర్చుని, నిన్నటి అంకెకి ఇవ్వాళ్టి తేదీ వేసి రాసేస్తే అది ఇంటి గేజీ. శౌరయ్య గారిని ఆ మాట అన్నవాళ్లు అంతకుముందు లేరు. సాయంత్రానికి ఆ మాట కోడూరిపాలెం దాటి పై ఊళ్లకి కూడా పాకింది.

ఆ గురువారం పొద్దున ఆవిడ ఫోన్ పెట్టేయగానే ఆయన మొదటి బస్సుకే నా దగ్గరికి వచ్చారు. నేను కొట్టు షట్టరు ఎత్తుతుంటే వెనక నిలబడి ఉన్నారు. జరిగింది చెప్పి, రూళ్ల నోటుబుక్కు ఒకటి తీసి టేబుల్ మీద పెట్టారు. ఇప్పటికీ అందులో రోజూ గేజీ రాసుకుంటారు. మంగళవారం ఎదురుగా రెండూ ఒకటి అని ఉంది.

"మీరు పంపేటప్పుడు పొరపాటున నొక్కి ఉంటారు" అన్నాను. నా నోటికి ముందు వచ్చిన మాట అదే.

"అయ్యుండొచ్చండీ. చూడండి" అన్నారు.

చూశాను. మంగళవారం ఆరూ నాలుగుకి ఆయన పంపిన అంకె రెండూ ఒకటి. పొరపాటు ఆయనది కాదు. కంపెనీకి ఫోన్ చేస్తే, సైటు ఒక్క నిమిషం కూడా ఆగలేదు, మా వైపు అంతా బాగానే ఉంది అన్నారు. అది నిజమే. సైటు ఆగలేదు.

అప్పుడు కూర్చుని, చేరేటప్పుడు చదవకుండా ఒప్పుకున్నానని నొక్కేసిన షరతుల పత్రం తెరిచాను. నలభై పేజీలు ఉంది. శౌరయ్య గారు ఎదురుగా కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. ఇరవై ఆరో పేజీలో దొరికింది. సైటుకి వచ్చేవాళ్లు ఒక హద్దు దాటితే, వేగం తగ్గకుండా ఉండటానికి, పేజీని ప్రతిసారీ కొత్తగా తెచ్చి ఇవ్వకుండా ముందే తీసిపెట్టుకున్న కాపీ ఇస్తారట. ఆ కాపీ పన్నెండు గంటల దాకా పాతదై ఉండొచ్చట. అది వద్దనుకుంటే పై ప్లాను తీసుకోవాలట. మెరుపు వేగం అంటే ఇది. సోమవారం సాయంత్రం తీసిన కాపీని మంగళవారం పొద్దున పంచిపెట్టారు. అంకె పంపే మనిషిగా శౌరయ్య గారి ఫోన్‌కి మాత్రం ఎప్పుడూ కొత్త పేజీయే కనిపిస్తుంది కాబట్టి ఆయనకి అనుమానం రాలేదు.

ఇదంతా తెలుగులో నెమ్మదిగా చెప్పాను. ఆయన విని, "అంటే లాకు దగ్గరికి మనిషిని పంపకుండా నిన్నటి అంకే మళ్లీ ఇచ్చారన్నమాట. పైన ఇవ్వాళ్టి తేదీ వేసి" అన్నారు.

"తేదీ వేసింది వాళ్లు కాదండీ. నేను." చూసేవాళ్ల ఫోన్‌లోంచి తేదీ తీసుకోమని రాసింది నేనే కదా. పాత పేజీతో పాటు పాత తేదీ కూడా కనిపించి ఉంటే పద్మావతమ్మ గారు నారు తీయించేవారు కాదు.

ఆయన నోటుబుక్కు దగ్గరికి లాక్కుని మంగళవారం అంకె మళ్లీ ఒకసారి చూశారు. తర్వాత, "అయితే పద్మావతమ్మ గారు అన్నదాంట్లో తప్పు లేదు. ఇంటి గేజీయే" అన్నారు.

నేను కింద నుంచి టీ తెప్పించాను. ఆయన సగం తాగి గ్లాసు పక్కన పెట్టారు.

"నేనూ రాశానండీ ఒకసారి."

"ఏవిటి?"

"ఇంటి గేజీ. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. కొత్తగా పెళ్లయింది. తెల్లారగట్ట నుంచీ వాన. తెరేసమ్మ పెసరట్లు పోస్తా ఉంది. నిన్న ఎంతుందో ఇయ్యాలా అంతే ఉంటదిలే అని రాసేశా. తొమ్మిదింటికి వెళ్లి చూస్తే ఎనిమిదంగుళాలు ఎక్కేసింది. మిగులు నీళ్లొదిలే షట్టరు ఎత్తేలోపు కింద రామకోటేశ్వరరావు గారని ఒకాయన, ఆయన నారుమడి మునిగిపోయింది. అందరూ వానకి మునిగిందనుకున్నారు. నేనే వెళ్లి చెప్పా."

"ఏమన్నారాయన?"

"పెసరట్లు బాగున్నాయా అన్నాడండీ. మూడ్రోజులు ఆయన చేలో నాటేసొచ్చా. పోయేదాకా, నేనెప్పుడు కనపడినా పెసరట్ల సంగతే అడిగేవాడు."

అని, గ్లాసులో మిగిలిన టీ తాగేసి లేచారు. "రేపు నాతో కోడూరిపాలెం రండి. మనం రాసింది ఎక్కడ పడిందో చూస్తే మంచిది." ఆ మాటలో కోపం లేదు. మనం అన్నారని నాకు ఇంటికి వెళ్లాక తట్టింది.

పైఊళ్లలో ఇద్దరు ముగ్గురు రైతుల దగ్గర నాట్లు పూర్తయి నారు మిగిలి ఉంది. శౌరయ్య గారు వాళ్లకి ఫోన్ చేసి అడిగితే ఇచ్చారు. శుక్రవారం ఆ కట్టలు ట్రాలీ ఆటోలో వేసుకుని ఇద్దరం వెళ్లాం. శనివారానికి మళ్లీ నీళ్లొచ్చే వంతు. పద్మావతమ్మ గారు కట్టలు దింపించి, నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"నువ్వేనా కంప్యూటరతనివి?"

"అవునండీ. తప్పు శౌరయ్య గారిది కాదు, నాది." నిలబడిన చోటే మొత్తం చెప్పాను.

"ఆయన నువ్వు కట్టిందాన్ని నమ్మాడు. నేను ఆయన్ని నమ్మాను" అన్నారావిడ. "ఇప్పుడేం చెయ్యమంటావు? రేపట్నుంచి పేజీ చూసి మళ్లీ ఆయనకి ఫోన్ చేసి అడగాలా?"

"అడగండమ్మా" అన్నారు శౌరయ్య గారు. "నమ్మకం కుదిరేదాకా రోజూ అడగండి."

అలాగే అడిగారు. ఆవిడొక్కరే కాదు. మర్నాటి నుంచి పొద్దున ఆరయ్యేసరికి ముప్పై నలభై ఫోన్లు. పేజీలో ఇంత ఉంది, నిజమేనా అని. పేజీ ఎందుకు పెట్టుకున్నారో ఆ పని పోయింది. గేజీ చూసే మనిషి మీద ఉన్న నమ్మకం కూడా దానితో పోతోంది. దాన్ని నిలబెట్టాలంటే నేను ఆ పేజీకి సరైన చోటు వెతకాలి.

ఈసారి ప్రకటనలు చూడలేదు. ఆరు కంపెనీల పేర్లు రాసుకుని, శౌరయ్య గారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టాను. ఆయన అడగమన్నవి నేను అడిగాను.

"ఒకేసారి ఎక్కువమంది వస్తే ముందు ఎవరి షట్టరు దించుతారో అడగండి" అన్నారు.

మొదటి కంపెనీ అతను, "సార్, మాది అన్‌లిమిటెడ్ సార్" అన్నాడు.

"కాలవ కూడా పటం మీద అన్‌లిమిటెడేనండీ" అన్నారు శౌరయ్య గారు నాతో. "చివర్న ఉన్నోడికి ఎంతొస్తదో అడగండి."

అడిగితే, ఒకే కంప్యూటర్లో కొన్ని వందల సైట్లు ఉంటాయనీ, ఎవరైనా ఎక్కువ వాడితే వాళ్ల సైటుని నెమ్మది చేస్తామనీ అతను చెప్పాడు. ఎంత వాడితే ఎక్కువ అన్నది మాత్రం చెప్పలేదు. అలాంటి హద్దు ఒకటి లోపల ఉంటుందనీ, అది బయటికి చెప్పరనీ నాకు ఆ రోజే తెలిసింది. అప్పటికే పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను.

ఇంకో కంపెనీవాళ్లు రోజూ బ్యాకప్ తీస్తామన్నారు. అంటే సైటు పాడైతే తిరిగి పెట్టుకోవడానికి దాచి ఉంచే కాపీ.

"తీస్తారు, సరే. ఎప్పుడన్నా తిరిగి పెట్టి చూశారా?" అన్నారు శౌరయ్య గారు. నేను అడిగాను. అవతల మనిషి, అవసరం వస్తే పెడతామండీ అన్నాడు.

"మా లాకుల దగ్గర అడ్డపలకలని ఉండేవండీ, షట్టరు చెడితే గాడిలో దించడానికి" అన్నారాయన నాకేసి తిరిగి. "ఏటా వేసవిలో ఒకసారి దించి చూసేవాణ్ని. దించి చూడకపోతే నాని ఉబ్బిపోయి, అవసరమైన రోజున గాడిలో పట్టవు."

మధ్యాహ్నం దాటేసరికి నాకు ఆయన పద్ధతి పట్టుబడింది. ఎదుటివాళ్లు చెప్పే మాట మంచిదా చెడ్డదా అని ఆయన చూడరు. చెప్పే మనిషి వెళ్లి చూసొచ్చి చెబుతున్నాడా లేదా అన్నదే వింటారు.

అయిదో ఫోన్ ఒక చిన్న కంపెనీకి. మనోజ్ఞ అనే అమ్మాయి ఎత్తింది. ఒకేసారి ఎంతమంది వస్తే తట్టుకుంటుందని అడిగితే, "ఆ సంగతి నాకు తెలియదండీ. లోపల కనుక్కుని నాలుగింటికి చేస్తాను" అంది. సరిగ్గా నాలుగింటికి చేసింది. ఆరొందల మంది దాకా ఇబ్బంది ఉండదు, వెయ్యి మంది అయితే నిదానిస్తుంది. పాత కాపీ ఇవ్వడం మీరు అడిగితే తప్ప మేం పెట్టం, అందుకే మా దగ్గర పేజీ ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటుంది. బ్యాకప్ రోజు విడిచి రోజు తీస్తాం కాబట్టి ఒక రోజుది పోవచ్చు. ఆదివారం ఫోన్ ఎత్తం. ఇవన్నీ అడగకుండానే వరసగా చెప్పేసింది.

"ఈ అమ్మాయి పలక చూసొచ్చి చెప్పిందండీ" అన్నారు శౌరయ్య గారు.

నేను అక్కడితో సరే అనేసేవాణ్ని. ఆయన ఒప్పుకోలేదు. మాట వేరు, నీళ్లు వేరు అన్నారు. మూడు కంపెనీల దగ్గర ఒక నెలకి చోటు తీసుకుని, అదే పేజీ మూడు చోట్లా పెట్టాం. ఈసారి తేదీతో పాటు, ఎన్ని గంటలకి చూశారో కూడా ఆయనే తన చేత్తో నింపేలా మార్చాను. రోజూ పొద్దున ఆయన అంకె పంపుతారు. పది నిమిషాలకి మళ్లీ మారుస్తారు. షట్టరు ఒకసారి ఎత్తి చూస్తే చాలదట. వేర్వేరు చోట్ల నుంచి ఇద్దరు ఆ మూడు పేజీలూ తెరిచి, ఏం కనపడుతోందో ఫోన్‌లో చదివి చెప్పాలి.

ఆ ఇద్దరిలో ఒకరు తెరేసమ్మ గారు. ఆ రోజుల్లో గుణదలలో వాళ్ల చెల్లెలింట్లో ఉన్నారు. "పొద్దున్నే ప్రార్థన కూడా కాకముందే నీ అంకెలేంటయ్యా" అంటూనే ఒక్క రోజు కూడా మానకుండా చదివేవారు. రెండో మనిషిగా ఆయన పద్మావతమ్మ గారిని అడిగారు.

"ఆవిడ మనల్ని నమ్మట్లేదు కదండీ" అన్నాను.

"అందుకే. నమ్మినోళ్లు సరిగ్గా చూడరు."

అయిదో రోజు ఆవిడే పట్టుకున్నారు. "రెండోదాంట్లో నిన్నటిదే ఉంది. తేదీ కూడా నిన్నటిదే" అని ఫోన్ చేశారు. తేదీ చేత్తో వేయడం వల్ల అది కనపడింది. పాత కాపీలు ఇవ్వబోమని మాటిచ్చిన కంపెనీ అది. దాన్ని తీసేశాం.

మిగిలిన రెండింటిలో, పేజీని నేనే కావాలని చెరిపేసి, మీ బ్యాకప్ తిరిగి పెట్టమని అడిగాను. ఒక కంపెనీవాళ్లు దానికి వేరే రుసుము అన్నారు, నాలుగు రోజులు పడుతుందన్నారు. మనోజ్ఞ వాళ్లు పొద్దున అడిగితే మధ్యాహ్నానికి పెట్టారు. ఒక రోజు గేజీ అందులో లేదు. ఆ అమ్మాయి ముందే చెప్పింది కదా. శౌరయ్య గారి నోటుబుక్కులోంచి చూసి నింపుకున్నాం.

అక్కడికి మారదామని పాత కంపెనీకి చెబితే ఇంకో సంగతి బయటపడింది. ఉచితంగా ఇచ్చామన్న సైటు పేరు వాళ్ల పేరు మీదే రాసుకున్నారు. మనం వెళ్లొచ్చు, పేరు మాత్రం రాదు.

నేను తల పట్టుకుంటే, "పలక గోడకి ఉండాలి గానీ కాంట్రాక్టరు ఇంట్లో ఉంటే ఎట్టా" అన్నారు శౌరయ్య గారు. కొత్త పేరు ఆయన పేరు మీదే తీసుకున్నాం. ఆ పేరు అచ్చువేసిన చీటీలు పట్టుకుని ఆయన కాలువ పొడుగునా ఎరువుల కొట్లకి తిరిగారు. ప్రతి చోటా ఆగి, పాత పేజీ ఎందుకు తప్పు చెప్పిందో కూడా చెప్పారు. నా పేరు చెప్పకుండా, "మావల్ల జరిగింది" అన్నారని తర్వాత ఒక కొట్టాయన నాతో అన్నాడు.

అప్పటినుంచి నా దగ్గరికి సైటు కోసం ఎవరొచ్చినా, ముందు వాళ్ల పేజీలో ఏది పాతబడకూడదో అడుగుతున్నాను. షరతుల పత్రం చివరిదాకా చదువుతున్నాను. బ్యాకప్ తిరిగి పెట్టించి చూశాకే పని అప్పగిస్తున్నాను. పని నిదానమైంది, కానీ పొద్దున్నే ఫోన్ మోగితే ఇప్పుడు భయం లేకుండా ఎత్తుతున్నాను. ఇవి నాకు నేర్పింది ఏ వీడియోలూ కాదు, ఏడో తరగతితో బడి మానేసిన ఒక లస్కరు. ఆ గురువారం ఆయన నా మీద అరిచి వెళ్లిపోయి ఉంటే ఇవాళ్టికీ జనానికి మెరుపు వేగం అమ్ముతూ ఉండేవాణ్ని. ఆ మాట ఎదురుగా చెబితే ఆయన వినరు, వేరే సంగతి ఎత్తుతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కొత్త చోటికి మారాక కూడా ఫోన్లు వెంటనే ఆగలేదు. ఆ పంట మొత్తం వస్తూనే ఉన్నాయి. మరుసటి ఏడు జూన్‌లో ఇరవై, జూలై మొదట్లో పది. పేజీలో ఉన్నదీ ఆయన చెప్పేదీ ఒకటేనని తేలుతున్న కొద్దీ ఒక్కొక్కరే మానేశారు. చివరికి మిగిలింది పద్మావతమ్మ గారు. ఒక్కరోజు కూడా విడవకుండా, ఆరూ పదికి ఆవిడ ఫోన్ మోగేది. "పేజీలో రెండూ తొమ్మిది అని ఉంది, అంతేనా?" "అంతేనమ్మా." అంతే, పెట్టేసేవారు.

పంటకొకసారైనా నేను వేల్పుచర్ల వెళ్లి పలక చూసొస్తున్నాను. పోయిన జూలై నెలాఖర్లో వెళ్లిన రోజున లాకుల మీద ఆయన పక్కన నిలబడ్డాను. నీళ్లు మూడడుగుల నాలుగంగుళాల గీత మీద ఉన్నాయి. ఆయన వంగి చూసి, నన్ను కూడా చూడమన్నారు. తేదీ నొక్కారు, టైము నొక్కారు, అంకె నొక్కారు. నా ఫోన్‌లో తెరిచి చూశాను. రెండు సెకన్లు పట్టింది, వచ్చింది.

ఆరూ పది అయింది. ఫోన్ మోగలేదు. ఆరుంబావు అయింది. ఆయన మోపెడ్ ఎక్కకుండా అక్కడే అటూ ఇటూ తిరిగారు. ఆరున్నరకి ఉండబట్టలేక ఆయనే చేశారు. చాలాసేపు మోగాక ఆవిడ ఎత్తారు. వెనకనుంచి ఆడవాళ్ల మాటలు వినపడుతున్నాయి.

"ఏంటమ్మా, ఇయ్యాల ఫోన్ రాలేదు? ఒంట్లో బాగుందా?"

"నాకేం, బాగానే ఉన్నా."

"గేజీ అడగలేదు?"

"చూశాగా పేజీలో. మూడూ నాలుగు. చూడగానే నారు తీయడం మొదలెట్టాం, పదముగ్గురం. ఇంకేం అడగాలి నిన్ను?"

"అంటే, ఏం లేదు. రోజూ చేస్తారు కదా అని."

"చేతినిండా బురద శౌరయ్యా. ఫోన్ పెట్టెయ్."

ఆయన ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ఇంకో నిమిషం నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగి, "పెట్టేసిందండీ" అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.